వేపమండ కట్టిన ఇల్లు లెక్కలో లేదు

పేటలో మునిసిపాలిటీ పెట్టినప్పుడు ఆడవాళ్ళకని ఒక కుర్చీ వేయాలని పైనుంచి కాగితం వచ్చింది. ఆ కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టాలా అని మగవాళ్ళు మూడు దినాలు ఆలోచించినారు. చదువుకున్న ఆడది వద్దు, మాట్లాడుతుంది. మొగుడున్న ఆడది వద్దు, మొగుడు మాట్లాడతాడు. కడాకు, శెనక్కాయల మండీ పెట్టి బతికిన వెంకటరాయప్ప పెండ్లాం, మొగుడు పోయి ఆరేండ్లయిన తిమ్మక్కను పట్టుకొచ్చి కూర్చోబెట్టినారు. ఆమెకు అక్షరం ముక్క రాదు, వేలిముద్ర వేసి ఇంటికి పోతుందని వాళ్ళ లెక్క. మనుషులను అంచనా కట్టడంలో మగవాళ్ళు ఎంత గట్టివాళ్ళో ఆ దినమే తెలిసిపోయింది.

వేలిముద్ర అనేసరికి తిమ్మక్కకు ఒళ్ళు మండింది. పొయ్యిలో చల్లారిన బొగ్గు తీసుకుని, రుబ్బురోలు పక్కన బండ మీద తన పేరు రాసి తుడిచి, రాసి తుడిచి, మూడో దినానికి నేర్చుకునింది. కచేరి కాగితాలన్నీ కన్నడమే కాబట్టి కన్నడంలోనే నేర్చుకునింది. అంతకు మించి చదువు ఆమె చేతికి రాలేదు. ఎవరన్నా అడిగితే, "పేరు రాసేది వచ్చె, చాలదా? నేనేమన్నా పుస్తకాలు రాసి అమ్మాల్నా?" అనేది. మొదటి సభలో సంతకం పెట్టి, కలం కింద పెట్టకముందే, వీధి దీపాలకు పోయాల్సిన కిరసనాయిలు ఎవరెవరి ఇండ్లలో వెలుగుతా ఉందో పేరు పెట్టి చెప్పింది. అధ్యక్షుడు కొండప్ప చేతిలో కాఫీ లోటా తొణికి పంచె మీద పడింది.

ఆ పేట కన్నడ సీమలో, చింతామణి నుంచి బాగేపల్లికి పోయే దోవలో ఉంది. దానికి వేరే పేరొకటి ఉన్నా చుట్టుపక్కల పల్లెలవాళ్ళంతా పేట అనే అంటారు. దినానికి ఒక బస్సు పోతుంది, ఒక బస్సు వస్తుంది. ఒక పక్క శెనక్కాయల మండీలు, ఇంకో పక్క పట్టుగూళ్ళు ఉడకబెట్టి దారం తీసే గూళ్ళ వీధి. ఆ వీధిలోకి కొత్తవాళ్ళు పోతే చచ్చిన పురుగుల కంపుకు కొంగు ముక్కుకు పెట్టుకోవాల్సిందే. తిమ్మక్క మాత్రం ముక్కు మూసుకోదు. "వాళ్ళు దినమంతా ఉడకబెడతాండారు, నువ్వు ఒక నిమిసం ఓర్చుకోలేవా?" అంటుంది.

ఎలక్షన్లు అయిన మరుసటి ఎండాకాలం, అంటే యాభై ఎనిమిదో సంవత్సరం, బెంగుళూరులో ఒక కాలేజీ నుంచి ముగ్గురు పిల్లోళ్ళు పెట్టెలు పరుపులతో బస్సు దిగినారు. వాళ్ళ వెంట అద్దాల ప్రొఫెసరు ఒకాయన. రేపు పట్నాలను, పేటలను నడిపే నాయకులు చదువుకున్నవాళ్ళలో నుంచే రావాలంట, ఆ నాయకత్వం గదిలో కూర్చుంటే రాదంట, అందుకని నెలదినాలు ఒక ఊళ్ళో ఉండి, మునిసిపాలిటీ ఎట్ల నడుస్తుందో చూసి, ఇల్లిల్లూ తిరిగి ఒక పెద్ద రిజిస్టరు రాయాలంట. ఆ రిజిస్టరును చూసి తాలూకా కచేరి వాళ్ళు పేటకు ఏమేమి కావాలో తేలుస్తారంట. ప్రొఫెసరు గంటసేపు చెప్పి, పచ్చి చెనగల గుగ్గిళ్ళు తిని, అదే బస్సులో వెనక్కి పోయినాడు.

పిల్లోళ్ళను ఎవరు తిప్పాలి? ఎండ నెత్తిమీద పెనంలా కాలుతా ఉంది. మెంబర్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"తిమ్మక్క తిప్పుతుంది లే," అన్నాడు కొండప్ప. "ఆమెకు తెలియని ఇల్లు ఈ పేటలో యాడుండాది?"

"నీ బియ్యం మిల్లు వెనక తలుపు గూడా తెలుసు," అనింది తిమ్మక్క. "పిల్లోళ్ళకు ముందు అదే చూపిస్తా."

అందరూ నవ్వినారు. కొండప్ప కూడా నవ్వినాడు, కొంచెం ఆలస్యంగా.

ముగ్గురిలో ఇద్దరు బెంగుళూరులో పుట్టినవాళ్ళు, నీడ చూసుకుని నడిచేవాళ్ళు. మూడోవాడు నారాయణస్వామి. సాదలి పల్లె రైతుబిడ్డ, వాళ్ళ వంశంలో బి.ఎ. దాకా పోయిన మొదటివాడు. నల్లగా, బక్కగా, అరికాళ్ళు పగిలి ఉండేవాడు. చెప్పులు ఉన్నా చేతిలో పట్టుకుని నడిచేవాడు. తిమ్మక్కకు వాడి మీద గురి కుదిరింది. బిడ్డలు లేని మనిషి, పైకి ఏమీ అనలేదు గానీ, వాడి ముద్ద మీద నెయ్యి ఒక చుక్క ఎక్కువే పడేది.

తిమ్మక్క నేర్పింది ఏ కాలేజీలోనూ లేదు. ఇంట్లో ఎంతమంది ఉన్నారని అడగొద్దని మొదటి దినమే చెప్పింది.

"తలకాయలు లెక్కపెట్టినట్ల అడిగితే ఎవురు చెప్తారప్పా? దిష్టి అనుకుంటారు. రాత్రికి ఎన్ని ముద్దలు కడతావమ్మా అని అడుగు. పెద్దోళ్ళకు రెండు, పిల్లోళ్ళకు ఒకటి. నువ్వే లెక్క ఏసుకో."

"ముద్దలు తగ్గించి చెప్తే?" అన్నాడు బెంగుళూరు పిల్లోడు.

"తగ్గించి చెప్పరు. రాగులు లేని ఇంట్లో గూడా ఆడది ముద్దలు పెంచే చెప్తాది. పక్కన పొయ్యి చూడు, గుండిగ ఎంతుండాదో చూడు. నోరు అబద్ధం చెప్తాది గానీ గుండిగ చెప్పదు."

గడప దగ్గర నిలబడి రాయొద్దు, ముందు నీళ్ళు అడిగి తాగు. ఇల్లు చూసే ముందు ఇంటి ముందు కాలువ చూడు. దీపస్తంభం కింద నిలబడి అద్దం మీద మసి ఉందా చూడు, మసి లేదంటే నెలగా దీపం వెలగలేదు. ఇట్ల పోతాపోతా చెప్పేది, నారాయణస్వామి పోతాపోతా రాసుకునేవాడు. వారానికల్లా వాడు ఆమెకంటే ముందు నడిచి, ఆమె చెప్పకముందే కాలువ చూసి, "అమ్మా, ఈ ఇంట్లో వారంగా వరి వండలేదు, గంజి పారలేదు," అనేవాడు. తిమ్మక్క వెనక నిలబడి కొంగుతో నోరు తుడుచుకునేది, నవ్వు కనపడకుండా.

తొమ్మిదో దినం గూళ్ళ వీధికి పోయినారు. వీధిలో ఆరో ఇల్లు పుట్టమ్మది. మొగుడు బాగేపల్లి పక్కన బండలు కొట్టను పోయినాడు, ఎప్పుడో ఒకసారి వస్తాడు. పుట్టమ్మ రాట్నం దగ్గర కూర్చుని దారం తీసి ముగ్గురు బిడ్డలను సాకుతా ఉంది. పెద్దోడు ముని, నడిమిది చిక్కమ్మ, చిన్నోడు గంగడు. ఆ దినం రాట్నం చప్పుడు లేదు. గుమ్మానికి పచ్చి వేపమండ కట్టి ఉంది. వాకిట్లో పసుపు నీళ్ళు చల్లి ఉన్నారు.

తిమ్మక్క చెయ్యెత్తి పిల్లోళ్ళను ఆపింది. చెంపలు వేసుకునింది.

"అమ్మ వచ్చిండాది," అనింది మెల్లగా. "ఈ ఇంటోళ్ళను పిలవగూడదు. గడప తొక్కగూడదు. నడవండి."

అమ్మ అంటే మశూచి. ఆ పక్క ఎవరూ ఆ రోగాన్ని రోగం అనరు. అమ్మ వచ్చిన ఇంట్లో తాళింపు పెట్టరు, గట్టిగా మాట్లాడరు, పొక్కులున్న బిడ్డను పేరు పెట్టి పిలవరు. బయటివాళ్ళు లోపలికి పోరు. మూడు నీళ్ళు పోసి, అమ్మను సాగనంపి, మండ తీసేదాకా ఆ ఇల్లు ఊళ్ళో ఉన్నా లేనట్టే.

వాళ్ళు నాలుగడుగులు వేసినారో లేదో, తలుపు సందులో నుంచి పుట్టమ్మ గొంతు వచ్చింది.

"అక్కా, తిమ్మక్కా! దాకు ఏసేవాళ్ళు వస్తారా? పెద్దోనికే వచ్చిండాది. ఈ ఇద్దరికీ ఇంగా రాలేదు. వీళ్ళకు ఏయించాల."

దాకు అంటే టీకా. తిమ్మక్క వెనక్కి తిరగలేదు. నోటి మీద వేలు పెట్టి ఆమెకు కనపడేటట్టు చూపింది.

"మాట్లాడగూడదు పుట్టమ్మా. ఆమె ఇంట్లో ఉన్నప్పుడు అట్ల అరస్తారా? అన్నీ జరుగుతాయి, లోపలికి పో."

నారాయణస్వామి రిజిస్టరు తెరిచి పట్టుకుని నిలబడినాడు. "అమ్మా, ఈ ఇల్లు రాయొద్దా?"

"అమ్మ వచ్చిన ఇంటిని లెక్కపెడతారా ఎవరన్నా? మీ అమ్మ నీకు చెప్పలేదా?"

చెప్పింది. సాదలిలో వాళ్ళమ్మ కూడా అట్లాంటి ఇంటి ముందు వాడి కళ్ళు మూసి నడిపించేది. బి.ఎ. పుస్తకాల్లో ఏమి రాసి ఉన్నా ఆ చెయ్యి ఇంకా వాడి కళ్ళ మీద ఉన్నట్టే ఉంది. వాడు మరి అడగలేదు. అయిదో ఇంటి కింద ఏడో ఇల్లు రాసినాడు. ఆరో ఇంటికి గీత కూడా లేదు, ఆ చోట ఇల్లే లేనట్టు.

అట్లాంటి ఇండ్లు ఆ నెల పేటలో పదకొండు.

నెల ముగిసింది. రిజిస్టరుకు ఎర్ర గుడ్డ అట్ట వేయించినారు. ఆరువందల చిల్లర ఇండ్లు, ప్రతి ఇంటి కాలువ, ప్రతి ఇంటి ముద్దలు. మొదటి పుటలో తిప్పినవాళ్ళ పేరని తిమ్మక్క పేరు రాసి, కింద ఆమె చేత సంతకం పెట్టించినారు. ఆ పుటను ఆమె మూడుసార్లు తెప్పించుకుని చూసింది. చదవను రాదు, అయినా చూసింది.

కడపటి దినం ప్రొఫెసరు మళ్ళీ వచ్చినాడు. మునిసిపాలిటీ హాలులో పిల్లోళ్ళ చేత ఉత్తుత్తి సభ పెట్టించినాడు. నారాయణస్వామి అధ్యక్షుడి కుర్చీలో, నిజం అధ్యక్షుడు కొండప్ప వెనక బెంచీ మీద. వాడు లేచి నిలబడి, గొంతు ఒణక్కుండా, పేటలో ఎన్ని బావులు తీయాల, ఎన్ని దీపాలు పెట్టాల, అన్నీ చదివినాడు. రిజిస్టరులో ప్రతి ఇంటి పేరుకు ఎదురుగా అంటురోగాలు అని ఒక గడి ఉండేది. రాసిన ప్రతి ఇంటికీ ఆ గడిలో లేవు అనే ఉంది. "మన పేటలో అంటురోగాలు లేవు," అని చదివినాడు. హాలంతా చప్పట్లు కొట్టింది.

తిమ్మక్కా కొట్టింది. ఆమెకు తెలీదా? పదకొండు ఇండ్ల పేర్లూ తెలుసు, ఏ ఇంట్లో ఏ బిడ్డకో కూడా తెలుసు. అయితే తెలిసింది వేరే, కాగితంలో ఉండాల్సింది వేరే అని ఆమె ఎప్పుడూ అనుకునేది. అమ్మ సంగతి కాగితంలోకి రాకూడదు, అంతే. ఆ లేవు అనే మాట బయటికి నడిచి పోయి ఏమి చేస్తుందో ఆమెకు తట్టలేదు. ఎంత సూటిగా చూసే మనిషికైనా ఒక మూల చీకటి ఉంటుంది, అక్కడ ఆమె దీపం పెట్టుకోలేదు.

ప్రొఫెసరు పోయినాడు, బెంగుళూరు పిల్లోళ్ళు పోయినారు. రిజిస్టరు ఒక నకలు తాలూకాకు పోయింది. ఇంకో నకలు రాయాలని నారాయణస్వామి తాము దిగిన చత్రంలోనే ఉండిపోయినాడు.

అయిదు దినాలకు తిమ్మక్క బస్సు నిలిచే చోట పిళ్ళప్పను చూసింది. పిళ్ళప్ప దాకు వేసేవాడు, సైకిలు, తోలు సంచి, చేతిలో సూదుల పెట్టె. ఆ పక్కంతటికీ వాడు, ఇంకొకడు, ఇద్దరే.

"ఏమప్పా పిళ్ళప్పా, వచ్చినావా? గూళ్ళ వీధిలో మొదలుపెట్టు," అనింది.

"నేను దిగలేదక్కా, కాఫీకి నిలబడినా. దిబ్బూరహళ్ళి పక్కకు పోతాండా. అక్కడ జాస్తిగా ఉండాదంట."

"ఇక్కడ?"

"ఇక్కడ లేదని మీ బుక్కులోనే ఉండాది కదక్కా! బలే రాసినారంట పిల్లోళ్ళు, పెద్దోళ్ళంతా మెచ్చుకుంటాండారు. ఉండే తావుకు ముందు, లేని తావుకు ఎనక. మా పని అంతే." వాడు సంతోషంగానే చెప్పినాడు. ఆమె పుస్తకం కదా, ఆమెకు సంతోషమని.

తిమ్మక్క కొంగు సరిచేసుకునింది. ఆ ఒక్క మాట అప్పుడే అనేసి ఉంటే ఈ కథే ఉండదు. "లేదని రాసింది తప్పప్పా, పదకొండు ఇండ్లుండాయి" అంటే వాడు సైకిలు తిప్పేవాడు. కానీ బస్సు దగ్గర పదిమంది నిలబడి ఉన్నారు. మొదటి పుటలో తన సంతకం ఉంది. ఎవరికీ తలవంచని నోరు, ఆ ఒక్క మాటకు తెరుచుకోలేదు.

"మళ్ళీ ఎప్పుడొస్తావు?" అనింది.

"ఇరవై దినాలకు."

"సరే పో."

అమ్మ మాట కాగితంలోకి తేకపోవడం ఆచారం. దాన్ని ఎవరూ తప్పని అనలేరు, పేటలో ఎవరున్నా అదే చేసేవాళ్ళు. తరవాత నాలుగు దినాలు నోరు మూసుకున్నది మాత్రం ఆచారం కాదు. అది తిమ్మక్క సొంతం.

ఆ నాలుగు దినాల్లో మండలు పెరిగినాయి. గూళ్ళ వీధి చివర ఉన్న వేపచెట్టుకు మనిషి చెయ్యి అందేంత ఎత్తుదాకా ఆకు లేదు. రాట్నాల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోతా వచ్చింది. మూడో దినం ఇద్దరు బిడ్డలను, నాలుగో దినం ఒక బాలింతను పేట బయటికి ఎత్తుకుపోయినారు. ఏడుపు వినపడలేదు, ఏడ్వకూడదు కాబట్టి.

అయిదో దినం పొద్దున నారాయణస్వామి తిమ్మక్క ఇంటికి వచ్చినాడు. చేతిలో రిజిస్టరు లేదు, ఒక చీటీ ఉంది.

"అమ్మా, నలభై మూడు," అన్నాడు.

"ఏంది నలభై మూడు?"

"మండలు. నిన్న సాయంకాలం పేటంతా తిరిగి లెక్కపెట్టినా. నేను రాసిన పుస్తకంలో ఒక్కటీ లేదు."

"ఎవురు లెక్కపెట్టమన్నారు నిన్ను? ఆమెను లెక్కపెట్టగూడదని చెప్పలా?"

"చెప్పినారు. ఇన్నాను. పుట్టమ్మ చిన్న బిడ్డలిద్దరికీ వచ్చిండాది."

తిమ్మక్క చేతిలో చేట ఉంది, రాగులు చెరుగుతా ఉంది. చేట ఆగింది.

"ఇద్దరికీనా?"

"ఇద్దరికీ. ఆ దినం ఆమె తలుపు సందులో నుంచి అడిగిందే, ఆ ఇద్దరికీ." "నేను అధ్యక్షుడి కుర్చీ ముందు నిలబడి లేవని చదివినానమ్మా. అందరూ చప్పట్లు కొట్టినారు. మీరూ కొట్టినారు."

ఇంకెవరన్నా ఆ మాట అని ఉంటే ఆమె చేట ఎత్తి కొట్టేదే. రాగులన్నీ గంపలో పోసి, చేట గోడకు ఆనించి, కాళ్ళు కడుక్కుని, ఉతికిన చీర కట్టుకునింది.

"రాయి," అనింది. "నలభై మూడు ఇండ్లుండాయని, ముందు రాసింది తప్పని రాయి. ఆ తప్పు నేర్పింది తిమ్మక్క అని గూడా రాయి. సభలో చదవాల."

"మీ పేరు వద్దమ్మా. నేను రాసినానని..."

"నా పేరు రాయప్పా. నీ పేరు రాస్తే పిల్లోడు, తెలీక చేసినాడు అంటారు. కాగితాన్ని పక్కన పెడతారు."

ఆ దినమే సభ. తిమ్మక్క నిలబడి అంతా చెప్పింది. కొండప్ప తల గోక్కున్నాడు.

"తిమ్మక్కా, బుక్కు పైకి పోయింది. పేటకు మంచి పేరొచ్చిండాది. ఇప్పుడు తప్పంటే పరువేం గావాల? ఇరవై దినాలకు పిళ్ళప్ప వస్తాడు కదా."

"ఇరవై దినాలకు వచ్చి ఎవురికి ఏస్తాడు, నీకా?"

"అందుకే ఆడోళ్ళను పెట్టొద్దని నేను అప్పుడే అన్నా," అన్నాడు బయ్యప్ప అనే మెంబరు, వెనక నుంచి.

"అన్నావు లే బయ్యప్పా. నాకు దీపాల నూనె తప్ప ఇంకేం తెలీదనుకున్నావు. అన్నీ నాకే తెలుసనుకుని నేనూ ఎగిరినా. ఇద్దరమూ తప్పే." ఆమె గొంతు తగ్గలేదు. "పరువు పేటది కాదు, నాది. నేను పోగొట్టుకుంటాండా. నువ్వు కొండప్పా, సంతకం పెట్టు."

బొగ్గుతో బండ మీద నేర్చుకున్న పేరు ముందు తనే పెట్టింది. చేతికి చెమట పట్టి చివరి అక్షరం అలుక్కుపోయింది. కొండప్ప కూడా పెట్టినాడు. నారాయణస్వామి ఆ కాగితం తీసుకుని తాలూకాకు బస్సెక్కినాడు. కచేరి కాగితాలను గుమాస్తాలకు వదిలితే నడవవని తిమ్మక్కే నేర్పింది. వాడు కదలకుండా బల్ల ముందు నిలబడి, ఉత్తరువు రాయించుకుని, దిబ్బూరహళ్ళికి పోయి పిళ్ళప్పను వెతికి పట్టుకుని, మూడో దినం సైకిలు వెనక కూర్చుని పేటకు వచ్చినాడు.

పిళ్ళప్ప వచ్చినంత మాత్రాన ఎవరు చెయ్యి చాపుతారు? బిడ్డలను గూళ్ళ తట్టల వెనక దాచినారు. అప్పుడు తిమ్మక్క ముందు నడిచింది. ఒక్కొక్క ఇంటి ముందు నిలబడి, చేత్తో వేపమండ పక్కకు తొలగించి, లోపలికి పోయింది. "లోపలికి వస్తాండావే, అమ్మకు కోపం రాదా?" అని ముసలమ్మలు తిట్టినారు. "వస్తే నా మీదికి రానీ. మీ బిడ్డను ఇటు ఇయ్యి," అనింది. చాపని చేతులను పట్టుకుని తనే చాపింది. ఆమెను అట్ల చూసినవాళ్ళు ఇప్పటికీ దాన్ని మంచిగా చెప్పరు, మండలు తెంపిన మనిషి అంటారు. ఆ వారం రెండు వందలకు పైగా బిడ్డలకు దాకు పడింది. కొత్త మండలు మెల్లగా తగ్గినాయి.

పుట్టమ్మ ఇంటికి ఆమె చివరికి పోయింది. పోకుండా ఉండాలనే చివరికి పెట్టుకునింది. ముని తేరుకున్నాడు గానీ గంగడు ముందు దినమే పోయినాడు, రెండేండ్ల బిడ్డ. చిక్కమ్మ అరిటాకు మీద పడుకుని ఉంది. రెండు కళ్ళలోనూ పొక్కులు. బతికింది గానీ ఆ కళ్ళు మళ్ళీ వెలుగు చూడలేదు.

పుట్టమ్మ ఆమెను తిట్టలేదు. మొహం చూసి, తలుపు మూసింది. అంతే. సంవత్సరం పాటు తిమ్మక్క ఎదురైతే వీధి అవతలికి దాటిపోయేది. పేటలో ఎంతమంది వెనక మాట్లాడుకున్నా తిమ్మక్కకు లెక్క ఉండేది కాదు. ఆ మూసిన తలుపు మాత్రం ఆమె తిన్న ముద్దను గొంతులోనే నిలబెట్టేది. మనిషి సగమైంది. సభకు పోవడం మాత్రం మానలేదు.

మరుసటి ఎండాకాలం మళ్ళీ కాగితం వచ్చింది, కొత్త పిల్లోళ్ళు అయిదుగురు వస్తాండారని. ఈసారి ఇంకెవరినన్నా తిప్పమందాం అన్నాడు కొండప్ప. మెల్లగానే అన్నాడు, ఆమెను నొప్పించకూడదని.

"నేనే తిప్పాల," అనింది తిమ్మక్క. "తప్పు తెలిసినదాన్ని నేనొక్కతినే కదా ఈడ."

పిల్లోళ్ళతో పాటు నారాయణస్వామి కూడా వచ్చినాడు, పెద్దవాడిగా. వాడి చెంప మీద ఎముకలు తేలినాయి. ఈసారి ఆమె కాలువలు చూపలేదు, ముద్దల లెక్క చెప్పలేదు. దిగిన పొద్దుననే అందరినీ గూళ్ళ వీధికి నడిపించుకుపోయి, పుట్టమ్మ ఇంటి ముందు, ఎండలో, నేల మీద కూర్చోబెట్టింది. తను మాత్రం నిలబడింది.

"ఇనండప్పా. పోయినేడు ఈ ఇంటికి మండ కట్టి ఉండె. లోపల్నుంచి తల్లి అడిగింది, ఇద్దరు బిడ్డలకు దాకు ఏయించండని. నేను నోరు మూసుకోమన్నా. ఇల్లు రాయొద్దన్నా. రాయలేదు. లేదని పైకి పోయింది. తెలిసినాక గూడా పరువు కోసమని నాలుగు దినాలు ఊరుకున్నా. ఆ ఇద్దరిలో ఒక బిడ్డ పోయినాడు. ఒక బిడ్డకు కళ్ళు పోయినాయి."

పిల్లోళ్ళు తలలు వంచుకున్నారు. లోపల రాట్నం చప్పుడు ఆగింది. గొళ్ళెం తీసిన చప్పుడు వినపడింది. పుట్టమ్మ గడప మీదికి వచ్చింది. ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుని చిక్కమ్మ, గోడ తడుముకుంటా. తిమ్మక్క ఒక అడుగు వెనక్కి వేసింది, కొడుతుందేమో అన్నట్టు.

"ఒక బిడ్డ, ఒక బిడ్డ అంటాండావే అక్కా," అనింది పుట్టమ్మ. "నా బిడ్డకు పేరు లేదా?"

తిమ్మక్క నోరు తెరిచింది. కొంగు అడ్డం పెట్టుకునింది. అమ్మ తీసుకుపోయిన బిడ్డ పేరు గట్టిగా చెప్పకూడదని పుట్టినప్పటి నుంచి నేర్చుకున్న నోరు అది.

"చెప్పు. పిల్లోళ్ళు బుక్కు తెచ్చుకున్నారు కదా. ఆ పొద్దు రాయలేదు, ఇప్పుడు రాయించు."

తిమ్మక్క నేల మీద కూలబడింది. చిక్కమ్మ అటు పక్కకు మొహం తిప్పి వింటా ఉంది.

"గంగడు," అనింది తిమ్మక్క. "గూళ్ళ వీధి, ఆరో ఇల్లు, పుట్టమ్మ కొడుకు గంగడు. రెండేండ్లు."

నారాయణస్వామి కొత్త రిజిస్టరు మొదటి పుట తెరిచినాడు. తిమ్మక్క పేరు రాయాల్సిన చోట ఆ పేరు రాసినాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పుట్టమ్మ చిక్కమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి పోయింది. ఈసారి తలుపు మూయలేదు. రమ్మని కూడా అనలేదు.

తిమ్మక్క ఎండలోనే కూర్చుని ఉంది, లోపల రాట్నం మళ్ళీ తిరిగేదాకా.